శ్రుతి, మేళము, శ్రుతిపరివర్తనము

గానవాదనములకు మూలస్థానముగా గ్రహింపబడిన షడ్జము యొక్క ఔన్నత్యమునకు ఆధారశ్రుతి యనియు, ఆ షడ్జమును ఆశ్రయించి నిర్ణీతాంతరములతో నిలుచు స్వరసముదాయమునకు మేళమనియు, ఒక రచనలోని స్వరముల పరస్పరాంతరములను చెదరనీయక రచననంతటిని వేరొక షడ్జమునకు తరలించుటకు శ్రుతిపరివర్తనమనియు పేరు. పాశ్చాత్యసంగీతమున వీనికి దగ్గరగా నుండు భావనలు కీ, స్కేలు, ట్రాన్స్‌పొజిషను అనునవి. ప్రాచీన లక్షణగ్రంథములలో శ్రుతిశబ్దము స్థాయి యందలి ఇరువదిరెండు సూక్ష్మాంతరములను తెలుపును. ఈ వ్యాసమున గాయకుల వాడుకలోని ఆధారశ్రుత్యర్థమే గ్రహింపబడినది. సూక్ష్మాంతరములు ప్రస్తావనకు వచ్చినచోట వానిని అట్లే పేర్కొనుట జరిగినది.

స్వరములు, స్వరస్థానములు

ధ్వని యొక్క ఔన్నత్యము సెకనుకు కలుగు కంపనముల సంఖ్యను బట్టి యుండును. రెండు స్వరముల నడిమి సంబంధమును చెవి గుర్తించునది ఆ సంఖ్యల భేదమును బట్టి కాక నిష్పత్తిని బట్టి. షడ్జమునకు తారషడ్జము 2:1, పంచమము 3:2, శుద్ధమధ్యమము 4:3, అంతరగాంధారము 5:4 నిష్పత్తులలో నిలుచును. షడ్జము 240 కంపనములైనచో పంచమము 360. షడ్జమును 300కు పెంచినచో పంచమము 450. రెండు సందర్భములందును వినబడునది పంచమమే. శ్రుతిపరివర్తనము సాధ్యమగుటకు భౌతికకారణ మింతకుమించి లేదు.

కర్ణాటకసంగీతమున స్థాయి పండ్రెండు స్వరస్థానములుగా విభజింపబడినను వానికి పదునారు పేరులు కలవు. చతుశ్శ్రుతి రిషభము, శుద్ధగాంధారము ఒకే స్థానము, షట్‌శ్రుతి రిషభము, సాధారణగాంధారము ఒకే స్థానము, ధైవతనిషాదములయందును ఇట్లే. ఒక స్థానమునకు రెండు పేరులుండుట వృథావిస్తరము కాదు. రిషభము గాంధారముకంటె, ధైవతము నిషాదముకంటె దిగువ నుండవలెనను నియమమును పాటించుచు ఆరు రిషభగాంధార యుగళములను, ఆరు ధైవతనిషాద యుగళములను సాధించుటకు ఈ నామద్వైవిధ్యమే సాధనము.

చరిత్ర: గ్రామములు, మూర్ఛనలు

భరతుని నాట్యశాస్త్రము షడ్జగ్రామము, మధ్యమగ్రామము అను రెండు స్వరవ్యవస్థలను చెప్పుచున్నది. షడ్జగ్రామమున ఏడు స్వరములకు సూక్ష్మాంతరములు వరుసగా 4, 3, 2, 4, 4, 3, 2 చొప్పున పంచబడి మొత్తము 22 అగును. మధ్యమగ్రామమున పంచమము ఒక సూక్ష్మాంతరము దిగును. ఈ భేదమును నిరూపించుటకు భరతుడు సమానముగా శ్రుతిచేసిన రెండు వీణలను తీసికొని, ఒకదానిని కదలింపక యుంచి రెండవదానిని క్రమముగా దించుచు పోవు ప్రయోగమును వర్ణించినాడు; కొలమానములు లేని కాలమున చెవి ప్రమాణముగా చేయబడిన ఇట్టి పరీక్ష సంగీతశాస్త్రచరిత్రలో విశిష్టమైనదని చెప్పవచ్చును. గాంధారగ్రామ మనుదానిని నారదీయశిక్ష మొదలగు గ్రంథములు పేర్కొన్నను అది దేవలోకముననే యున్నదని చెప్పి ఊరకుండుటచేత దాని స్వరూపమును గూర్చి చర్చకు తావు స్వల్పము.

ఒక్కొక్క గ్రామమున ఏడేసి స్వరములలో దేనినైన ఆరంభముగా గొని ఆరోహణావరోహణములు చేయుట మూర్ఛన. ఇట్లు రెండు గ్రామములకు పదునాలుగు మూర్ఛనలు. హార్పును బోలిన బహుతంత్రీవీణలపై, తంత్రులను మార్చి బిగింపకయే ఆరంభస్థానమును మార్చుట సులభము గావున ఈ పద్ధతి ఆ వాద్యములకు తగియుండెను. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము గ్రామమూర్ఛనలను సవిస్తరముగా వివరించినను, తరువాతి కాలమున మెట్లుగల వీణయు, ఎడతెగక మ్రోయు తంబురయు వ్యాపించిన కొలది షడ్జమొక్కటే స్థిరాధారమై, మూర్ఛనావ్యవహారము క్రమముగా సన్నగిల్లినది. ఆధారషడ్జము చెవిలో నిరంతరము నిలిచియున్నపుడు ఆరంభస్వరమును మార్చినంతమాత్రమున కొత్త రాగము పుట్టదు. పాతరాగమే వేరొకచోట మొదలైనట్లు తోచును.

మేళకర్తపద్ధతి

మూర్ఛనల స్థానమున రాగవర్గీకరణకు ఆధారమైనది మేళము. విజయనగరమున అళియ రామరాయల పోషణమున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి ఈ పద్ధతికి తొలి ప్రధానగ్రంథములలో నొకటి. సోమనాథుని రాగవిబోధము 1609 నాటిది. తంజావూరు నాయకరాజుల మంత్రి గోవిందదీక్షితుని కుమారుడు వేంకటమఖి 17వ శతాబ్దిలో చతుర్దండీప్రకాశికను రచించి, స్వరస్థానముల సాధ్యసంయోగములను గణించి డెబ్బదిరెండు మేళములను సిద్ధాంతీకరించెను. ఆరు రిషభగాంధార యుగళములను ఆరు ధైవతనిషాద యుగళములతో కలుపగా ముప్పదియారు. శుద్ధమధ్యమముతో ముప్పదియారు, ప్రతిమధ్యమముతో ముప్పదియారు కలసి డెబ్బదిరెండు. వానిలో నాడు వ్యవహారమున నున్నవి కొన్ని మాత్రమే. తక్కినవి భావిరాగములకు స్థలముగా నిలిచిన ఖాళీగదులు. తరువాతి వాగ్గేయకారులు వానిని నింపినారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ డెబ్బదిరెండు మేళములందును కృతులు రచించి జనకరాగ కృతిమంజరి పేర 1952లో ప్రకటించిరి.

మేళనామములోని మొదటి రెండక్షరములకు కటపయాది సంఖ్యావిధానమున అంకెలు గైకొని తలక్రిందుచేసినచో మేళసంఖ్య వచ్చును. ధీరశంకరాభరణమున ధీ 9, ర 2, కావున 29. మాయామాళవగౌళయందు మా 5, య 1, కావున 15. ఈ నామములలో రెండు సంప్రదాయములు కలవు. గోవిందుని సంగ్రహచూడామణి ననుసరించు కనకాంగి, రత్నాంగి క్రమము నేడు బహుళప్రచారమున నున్నది. ముత్తుస్వామి దీక్షితుల శిష్యపరంపర పాటించిన కనకాంబరి, ఫేనద్యుతి క్రమమును సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో ముద్రితమైన సంగీతసంప్రదాయ ప్రదర్శినియందు భద్రపరచిరి. 8వ మేళము మొదటి క్రమమున హనుమతోడి, రెండవ క్రమమున జనతోడి. సంఖ్య మాత్రము మారదు. (చూ. మేళకర్తరాగములు, కటపయాది.)

మేళమును చెప్పుటలో షడ్జము ఎన్ని కంపనములదో ఎచ్చటను చెప్పబడదు. శంకరాభరణము ఏ శ్రుతిలో పాడినను శంకరాభరణమే. కర్ణాటక, హిందూస్థానీ సంప్రదాయములు రెండింటియందును రాగము షడ్జసాపేక్షము. నిరపేక్షమైన ఔన్నత్యము రాగలక్షణములలో చేరదు.

పాశ్చాత్యపద్ధతి

ఐరోపా చర్చి సంగీతమున మధ్యయుగములందు ఎనిమిది మోడులు వ్యవహృతములై యుండగా గ్లరియానస్ 1547లో ప్రకటించిన డోడెకకోర్డన్ అను గ్రంథమున వానిని పండ్రెండుగా విస్తరించెను. 17వ శతాబ్దిలో వీనినుండి మేజరు, మైనరు అను రెండు వ్యవస్థలు ప్రధానములై నిలిచినవి. పూర్ణాంతరము, పూర్ణాంతరము, అర్ధాంతరము, పిదప మూడు పూర్ణాంతరములు, ఒక అర్ధాంతరము గల మేజరు స్కేలు స్వరస్థానములచే మన శంకరాభరణమునకు సమానము. సహజ మైనరు నటభైరవికి, హార్మోనిక్ మైనరు కీరవాణికి, మెలోడిక్ మైనరు ఆరోహణము గౌరీమనోహరికి సరిపోవును. ఈ సామ్యము స్థానములకు మాత్రమే పరిమితము. గమకము, సంచారము, జీవస్వరము మొదలగు రాగాంగములు స్కేలునకు లేవు.

పండ్రెండు స్థానములలో నొక్కొక్కదానిపై మేజరు, మైనరు నిర్మింపగా ఇరువదినాలుగు కీలు ఏర్పడును. సి మేజరునకు పియానోపై తెల్లమెట్లు చాలును. పంచమము మీదికి జరిగి జి మేజరు నాశ్రయించినచో ఎఫ్ స్వరమును షార్ప్ చేయవలయును. మరల పంచమము మీదికి, అనగా డి మేజరునకు, జరిగినచో రెండు షార్పులు కావలయును. దిగువదిశగా పంచమము చొప్పున దిగిన కొలది ఫ్లాట్‌లు ఒక్కొక్కటియే పెరుగును. ఈ చక్రము పండ్రెండవ మెట్టున బయలుదేరిన చోటికే చేరును. పంచరేఖాలిపిలో ఈ షార్ప్, ఫ్లాట్ చిహ్నములను పంక్తి మొదట వ్రాయుట కీ సిగ్నేచరు. భారతీయపద్ధతికి భిన్నముగా ఇచ్చట కీనామము రచన పేరులో భాగమగును. ఒక సింఫనీ డి మైనరులోనిదని చెప్పినచో అది అదే కీలో వాయింపబడవలెనని భావము. రచన నడుమ ఒక కీనుండి మరియొక కీకి మరలుట మాడ్యులేషను. కార్డులపై, అనగా ఏకకాలమున మ్రోయు స్వరసంఘాతములపై, ఆధారపడిన సంగీతమునకు ఇది సహజవిద్య. ఒకే షడ్జముపై నిలిచిన తంబుర నాదమునకు ప్రతికూలము.

సమవిభాగము

శుద్ధమైన 3:2 పంచమములను పండ్రెండింటిని ఒకదానిపై నొకటి పేర్చినచో 129.746 అను నిష్పత్తి వచ్చును. ఏడు స్థాయులు సరిగా 128. ఈ స్వల్పాధిక్యమును పైథాగరియన్ కామా యందురు. దీనిచేత మెట్లు స్థిరముగా గల వాద్యము ఒక శ్రుతిలో మధురముగా పలికినను, దూరపు శ్రుతిలో అపస్వరముగా ధ్వనించును. కామాను పండ్రెండు పంచమములకును సమముగా పంచి, ప్రతి అర్ధాంతరమును 1.05946 నిష్పత్తికి స్థిరపరచుట సమవిభాగపద్ధతి. చీనాదేశమున జు జైయూ 1584లో ఈ గణితమును ప్రకటించెను. ఐరోపాలో సైమన్ స్టెవిన్ ఇంచుమించు ఆ కాలముననే గణించెను. బాఖ్ 1722లో సమకూర్చిన వెల్ టెంపర్డ్ క్లావియర్ ఇరువదినాలుగు కీలలోను రచనలు గలదైనను, ఆయన వాడిన శ్రుతివిభాగము ఖచ్చితముగా సమవిభాగమే యని చెప్పుటకు పండితు లంగీకరింపరు. అలెగ్జాండర్ ఎల్లిస్ 19వ శతాబ్ది చివరిభాగమున స్థాయిని 1200 సెంట్లుగా విభజించు కొలత ప్రవేశపెట్టగా అంతరములను పోల్చిచూచుట సులభమైనది: సమవిభాగ పంచమము 700 సెంట్లు, శుద్ధపంచమము సుమారు 702, సమవిభాగమునందలి అంతరగాంధారము 400, శుద్ధమైనది సుమారు 386. పంచమమున నష్టము చెవికి అందదు, గాంధారమున అందును. తంబుర నాదమున స్వయముగా పలుకు గాంధారమునకు అలవడిన చెవికి హార్మోనియము గాంధారము హెచ్చుగా తోచుటకు కారణ మిదియే. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి 1971 వరకును ఆ నిషేధమును కొనసాగించుటలో, గమకమునకు అవకాశము లేకపోవుటతోపాటు ఈ యాక్షేపణయు నొకటి.

శ్రుతినిర్ణయము, సంఖ్యావ్యవహారము

దక్షిణదేశమున హార్మోనియము తెల్లమెట్లను సి మొదలుకొని ఒకటి నుండి ఏడు వరకు లెక్కించి, నడుమ నల్లమెట్లను అరలుగా చెప్పుట వాడుక. సి ఒకటి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, ఎఫ్ నాలుగు, జి ఐదు, జి షార్ప్ ఐదున్నర, ఎ ఆరు. ఇ, ఎఫ్‌ల నడుమ నల్లమెట్టు లేదు గావున మూడున్నర శ్రుతి లేదు. పురుషగాయకులు సామాన్యముగా ఒకటి నుండి రెండు వరకు, స్త్రీలు నాలుగు నుండి ఆరు వరకు గల శ్రుతులను ఎన్నుకొందురు. శ్రుతిని నిర్ణయించుటలో మంద్రపంచమము స్పష్టముగా పలుకుట, తారపంచమము బిగువులేక అందుట అను రెండును చూడవలసియుండును. రెంటిలో నొకటి కొరవడినచో మిగిలినది ఎంత బాగున్నను ఆ శ్రుతి తగదు. పద్యనాటకరంగమున ధ్వనివర్ధకములు లేని దినములలో దూరమున కూర్చున్నవారికి వినవచ్చుటకై నటులు ఉచ్చశ్రుతుల నాశ్రయించిరి; ఆ అలవాటు మైకులు వచ్చిన పిదపను చాలకాలము నిలిచినది.

ఒకటి శ్రుతి అనునది ఎన్ని కంపనములో నిర్ణయమగుట ఇటీవలి సంగతి. ఫ్రాన్సు 1859లో ఎ స్వరమును 435గా శాసనముచే స్థిరపరచెను. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశము 440ని స్వీకరించెను. దీని ననుసరించి ఒకటి శ్రుతి 261.6, ఐదు శ్రుతి 392 కంపనములు.

శ్రుతిపరివర్తనవిధానము

స రి గ మ లిపిలో వ్రాయబడిన రచనకు శ్రుతిపరివర్తనము చేయుటకు వ్రాతలో మార్పేమియు అక్కరలేదు. షడ్జము మారును, అక్షరములు మారవు. పంచరేఖాలిపిలో ప్రతిస్వరమును సమానాంతరముగా జరుపవలయును. సి మేజరులోని రచనను డి మేజరునకు తెచ్చుటకు ప్రతిస్వరమును రెండు అర్ధాంతరములు పెంచి, కీ సిగ్నేచరున రెండు షార్పులు చేర్చుదురు. కార్డులను అక్షరములతో కాక స్థానసంఖ్యలతో గుర్తుంచుకొనువారికి పని తేలిక: ఎఫ్ మేజరులో ఎఫ్, బి ఫ్లాట్, సి అనునవి ఒకటవ, నాలుగవ, ఐదవ కార్డులు, జి మేజరునకు మార్చినపుడు అవియే జి, సి, డి.

క్లారినెట్టు, ట్రంపెట్టు వంటి కొన్ని వాద్యములకు లిపియే మారియుండును. బి ఫ్లాట్ క్లారినెట్టున సి యని వ్రాసినది బి ఫ్లాట్‌గా వినబడును. ఇ ఫ్లాట్ ఆల్టో సాక్సోఫోనున సి యని వ్రాసినది దిగువ ఇ ఫ్లాట్‌గా వినబడును. ఒకే కుటుంబములోని చిన్నపెద్ద వాద్యములను ఒకే వ్రేళ్ల అలవాటుతో వాయించుటకై ఈ యేర్పాటు.

మధ్యమశ్రుతి

కర్ణాటకకచేరీ నడుమ శ్రుతి మారు సందర్భ మొక్కటి కలదు. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, నవరోజు, చెంచురుట్టి మొదలగు రాగముల సంచారము తారస్థాయికి పోక మధ్యస్థాయి నిషాదధైవతములలోనే ముగియుచు క్రింద మంద్రస్థాయికి వ్యాపించును. వీనిని యథాశ్రుతిలో పాడినచో గొంతు క్రిందిభాగముననే చిక్కుపడును. కావున మధ్యమమును షడ్జముగా భావించి పాడుదురు. ఒకటి శ్రుతివారికి నాలుగు శ్రుతియు, రెండు శ్రుతివారికి ఐదు శ్రుతియు షడ్జస్థానమగును. ఇందు తంబురకు పడు శ్రమ అత్యల్పము: పంచమతంత్రిని మధ్యమమునకు దింపినచో అదియే కొత్త షడ్జమగును, మిగిలిన తంత్రుల పాత షడ్జము దానికి పంచమమై పొసగును. పాత షడ్జమునకు శ్రుతిచేసిన మృదంగము సైతము కొత్తశ్రుతిలో పంచమముగా మ్రోగి అపస్వరము కాకపోవుట ఈ యేర్పాటులోని సౌలభ్యము.

గ్రహభేదము

శ్రుతిపరివర్తనముతో పొరపడదగిన ప్రక్రియ గ్రహభేదము. రెండింటియందును షడ్జము కదలునుగాని ఫలితములు పరస్పరవిరుద్ధములు. శ్రుతిపరివర్తనమున స్వరములన్నియు షడ్జముతోపాటు జరుగును, రాగము మారదు. గ్రహభేదమున స్వరములు ఉన్నచోటనే యుండి షడ్జత్వము మాత్రము వేరొక స్వరమునకు సంక్రమించును, రాగము మారును. ప్రాచీనమూర్ఛనయే ఈ రూపమున మిగిలియున్నదని చెప్పుట యుక్తము.

మోహనరాగస్వరములు స రి గ ప ద. రిషభమును షడ్జముగా భావించినచో మధ్యమావతి, గాంధారమును భావించినచో హిందోళము, పంచమమును భావించినచో శుద్ధసావేరి, ధైవతమును భావించినచో ఉదయరవిచంద్రిక తోచును. ఐదు స్వరములనుండి ఐదు రాగములు, ఒక్కటియు తప్పిపోలేదు. శంకరాభరణమున రిషభమునుండి ఖరహరప్రియ, గాంధారమునుండి తోడి, మధ్యమమునుండి కల్యాణి, పంచమమునుండి హరికాంభోజి, ధైవతమునుండి నటభైరవి వచ్చును. నిషాదమునుండి మాత్రము పంచమము లేక రెండు మధ్యమములు గల స్వరవరుస వచ్చుటచేత అది మేళము కాజాలదు.

కచేరీలో రాగాలాపన నడుమ గాయకుడు క్షణకాలము ఈ ఛాయను చూపి మరల మూలరాగమును చేరుట కలదు. జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యం (1910–1965) దీనిని ప్రౌఢముగా నిర్వహించి ప్రసిద్ధి పొందెను. తంబుర పాత షడ్జమునే పలుకుచుండగా గాయకుడు వేరొక షడ్జమును శ్రోతల మనస్సున నిలుపవలసియుండుటచేత ఇది దుష్కరము. ఎక్కువసేపు నిలిపినచో మూలరాగభావము చెడునని విద్వాంసులలో నొక పక్షము ఆక్షేపించును. హిందూస్థానీ సంగీతమున పండిత జస్‌రాజ్ రూపొందించిన జస్‌రంగి జుగల్‌బందీయందు స్త్రీపురుషులు తమతమ శ్రుతులను వీడక వేర్వేరు రాగములు పాడుదురు. పురుషుని మధ్యమము స్త్రీకి షడ్జమగుటచేత ఇరువురి స్వరములును ఏకసముదాయమున కలియును.

వాద్యములయందు

వేణువునకు శ్రుతి దాని పొడవును బట్టి యుండుటచేత విద్వాంసుడు శ్రుతికొక వేణువు చొప్పున వెంట నుంచుకొనును. నాదస్వరమున పొట్టిదియగు తిమిరి ఉచ్చశ్రుతిది, పొడవుదియగు బారి నీచశ్రుతిది. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) బారిని ప్రచారమునకు తెచ్చిరి. వీణకు ఇరువదినాలుగు మెట్లు మైనముపై స్థిరముగా నిలుపబడియుండును. శ్రుతి మార్చుటకు తంత్రులను బిగించుట, సడలించుటయే మార్గము గావున దానికి అవధి స్వల్పము. వయొలిను స ప స ప క్రమమున శ్రుతిచేయబడి, మెట్లు లేమిచేత గాయకుని శ్రుతి నెట్లైనను అనుసరింపగలదు. పక్కవాద్యముగా అది స్థిరపడుటకు ఇదియు నొక కారణము. గిటారుపై కేపో బిగించినచో ఒక్కొక్క మెట్టునకు అర్ధాంతరము చొప్పున శ్రుతి హెచ్చును. స్కేల్‌చేంజర్ హార్మోనియమున మెట్లపలకయే ప్రక్కకు జరుగుటచేత వాద్యకారుడు అలవాటైన వ్రేళ్లతోనే వేరొక శ్రుతిని వాయింపగలడు. (చూ. హార్మోనియము, వీణ.)

ధ్వనిముద్రణములయందు

గ్రామఫోను పలకను గాని టేపును గాని నియతవేగముకంటె సుమారు ఆరు శాతము హెచ్చువేగముతో త్రిప్పినచో శ్రుతి ఒక అర్ధాంతరము పెరుగును, లయయు అంతమేర త్వరితమగును. తొలి గ్రామఫోను పలకల ముద్రణవేగము ఏకరీతిగా 78 కాకపోవుటచేత, ఆ కాలపు విద్వాంసుల శ్రుతిని పలకలను విని నిర్ణయించుటలో జాగరూకత యవసరము; ఒకటిన్నరగా వినబడునది యథార్థమున ఒకటియే కావచ్చును. అంకాత్మక ధ్వనిసంస్కరణమున శ్రుతిలయలను వేర్వేరుగా మార్చు సాధనము లేర్పడినవి. అయినను శ్రుతిని కొన్ని అర్ధాంతరములకు మించి జరిపినచో కంఠధ్వని స్వభావము మారి, పాడినవారి గొంతు గుర్తుపట్టరాకుండును.